సానియా మీర్జా: మణికట్టు నడిపిన ఆట

సానియా మీర్జా (జననం: 15 నవంబరు 1986) హైదరాబాద్‌కు చెందిన టెన్నిస్ క్రీడాకారిణి. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు. గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు. మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్ ర్యాంకు అందుకున్న తొలి భారతీయురాలు కూడా ఆమే. మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆమె ఖాతాలో ఉన్నాయి. 2003 నుంచి సింగిల్స్ ఆడటం మానేసిన 2013 వరకు దేశంలో ఆమెకు దరిదాపుల్లో మరో అమ్మాయి లేదు.

ఈ ఘనతలన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. వాటి వెనక ఉన్న ఆటతీరు గురించి తెలుగులో రాసింది మాత్రం తక్కువ. సానియా గెలుపులూ ఓటములూ, గాయాలూ, సింగిల్స్ వదులుకోవడం, డబుల్స్‌లో శిఖరానికి చేరడం, అన్నీ ఆమె కుడి మణికట్టుతో ముడిపడినవే. ఈ వ్యాసం ఆ దారినే వెళ్తుంది.

ఫోర్‌హ్యాండ్

ఫోర్‌హ్యాండ్‌కు బలం కాళ్లలో మొదలై, నడుము, భుజం మీదుగా చేతికి చేరాలని కోచ్‌లు నేర్పుతారు. సానియా షాట్‌లోనూ ఆ మెట్లన్నీ ఉండేవి గానీ అసలు పని చివరి మెట్టు మీద జరిగేది. రాకెట్‌ను వెనక్కి ఎక్కువ దూరం తీసుకెళ్లేది కాదు. బంతి ఒంటి దగ్గరికి వచ్చేదాకా చెయ్యి తీరిగ్గా ఉన్నట్టే కనిపించేది. ఆఖరి క్షణంలో మణికట్టు విసురుగా తిరిగేది. పెనం మీద అట్టు తిరగేసే చేతిలో ఎంత పొదుపు ఉంటుందో ఆ కదలికలోనూ అంతే పొదుపు. బంతి మాత్రం తూటాలా వెళ్లేది.

ఈ కాలం క్రీడాకారుల్లో ఎక్కువమంది బంతిని కింది నుంచి పైకి రాస్తూ టాప్‌స్పిన్‌తో కొడతారు. బంతి వల మీద ఎత్తుగా వెళ్లి, అవతల గీత లోపలే దిగుతుంది. పొరపాటుకు తావు తక్కువ. సానియా బంతి చదునుగా వెళ్లేది. వలకు తగిలే ప్రమాదం, గీత దాటే ప్రమాదం రెండూ ఎక్కువే. లోపల పడితే మాత్రం అవతలివాళ్లకు కాలు కదిపే వ్యవధి ఉండేది కాదు. ఆమె మ్యాచ్‌లలో కళ్లు చెదిరే విన్నర్లూ, అనవసరంగా పోగొట్టుకున్న పాయింట్లూ పక్కపక్కనే ఉండటానికి కారణం ఇదే.

రెండో సంగతి దిశ. బంతి ఎటు వస్తుందో ప్రత్యర్థి భుజాన్ని చూసి పసిగట్టడం పెద్దస్థాయి ఆటలో అందరికీ అలవాటు. సానియా భుజం రెండు దిక్కులకూ ఒకేలా తిరిగేది. కోర్టుకు అడ్డంగా పోవాలా, గీత వెంట నేరుగా పోవాలా అన్నది చిట్టచివర మణికట్టు తేల్చేది. అందుకే ఆమె కన్నా ఎక్కువ వేగంగా పరిగెత్తగలవాళ్లు కూడా ఆమె ఫోర్‌హ్యాండ్ ముందు నిలబడిపోయిన సందర్భాలు ఎన్నో.

రుమేనియా దిగ్గజం ఇలీ నస్టాసే ఫోర్‌హ్యాండ్‌తో దీన్ని పోల్చినవాళ్లున్నారు. హైదరాబాద్ క్రికెట్ ఎరిగినవాళ్లకు అంతదూరం వెళ్లే పనిలేదు. ఆఫ్‌స్టంప్ అవతల పడిన బంతిని అజహరుద్దీన్ మిడ్‌వికెట్ వైపు తిప్పిన తీరు, 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో 281 పరుగులు చేసిన ఇన్నింగ్స్‌లో వీవీఎస్ లక్ష్మణ్ షేన్ వార్న్‌ను ఆడిన తీరు గుర్తున్నవాళ్లకు సానియా చెయ్యి కొత్తగా అనిపించదు. క్రికెట్‌తో ఆమెకు చుట్టరికం కూడా ఉంది. భారత జట్టుకు నాయకత్వం వహించిన హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్, హైదరాబాద్‌లో పుట్టి పాకిస్తాన్ కెప్టెన్ అయిన ఆసిఫ్ ఇక్బాల్ ఇద్దరూ ఆమె బంధువర్గంలోని వారే.

ఇక లోపాలు. సర్వీస్ ఆమెకు ఎప్పుడూ ఆయుధం కాలేదు. రెండో సర్వీస్ మరీ మెత్తన. పక్కలకు పరిగెత్తించి ఆడించే ప్రత్యర్థి ఎదురైతే ఇబ్బంది పడేది. ఈ సంగతి ఆమె దాచుకోలేదు. బంతిని బలంగా కొట్టడంలో తాను ఎవరికీ తీసిపోననీ, కోర్టులో కదలికే తన బలహీనత అనీ పలుమార్లు చెప్పుకుంది. సింగిల్స్‌లో కోర్టంతా ఒక్కరే కాచుకోవాలి, సొంత సర్వీస్‌ను ఒక్కరే నిలబెట్టుకోవాలి. డబుల్స్‌లో ఆ రెండు బరువులూ సగమవుతాయి. ఫోర్‌హ్యాండ్ విలువ మాత్రం తగ్గదు. తర్వాతి కథంతా ఈ లెక్కలోనే ఉంది.

పేడతో అలికిన కోర్టులు

సానియా పుట్టింది ముంబయిలో. పసితనంలోనే కుటుంబం తిరిగి హైదరాబాద్ చేరింది. మీర్జాల కుటుంబం నూరేళ్లకు పైగా ఆ నగరంలోనే ఉంటోంది. తండ్రి ఇమ్రాన్ మీర్జా క్రీడా పాత్రికేయుడిగా పనిచేసి, తర్వాత నిర్మాణ రంగంలోకి వెళ్లారు. తల్లి నసీమా. ఆరేళ్ల వయసులో అమ్మాయి చేతికి రాకెట్ అందింది. మహేశ్ భూపతి తండ్రి సి.జి.కె. భూపతి తొలినాళ్లలో ఆమెకు ఆట నేర్పినవారిలో ఒకరు. అయినా అసలు కోచ్ ఇమ్రానే. టోర్నమెంట్లకు తీసుకెళ్లడం, ప్రత్యర్థుల ఆటను గమనించి రాసిపెట్టుకోవడం, ఖర్చులకు డబ్బు సర్దడం, అన్నీ ఇంటి పనులే. తర్వాత జీవీకే సంస్థ అండగా నిలిచింది. నాస్ర్ స్కూల్లో, ఆపైన సెయింట్ మేరీస్ కళాశాలలో చదువు సాగింది.

ఆ రోజుల్లో తాను పేడ కోర్టుల మీద ఆడానని సానియా ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉండొచ్చు. సింథటిక్ కోర్టులు రాకముందు మన ఊళ్ల క్లబ్బుల్లో ఇవే ఉండేవి. మట్టి చదును చేసి, రోలర్ తిప్పి, పేడనీళ్లతో అలికేవారు. ఆరాక సున్నంతో గీతలు గీసేవారు. ఎండ ముదిరేకొద్దీ పైపొర పెళ్లలు పెళ్లలుగా లేచేది. బంతి ఒకచోట మోకాలెత్తు లేస్తే, పక్కనే చీలమండ దాటేది కాదు. అలాంటి నేల మీద నేర్చుకున్న చెయ్యి ముందే నిర్ణయం తీసుకోదు. బంతి నేలను తాకి లేచేదాకా ఆగి, అప్పుడు సర్దుకుంటుంది. సానియా మణికట్టు అంత ఆలస్యంగా, అంత కచ్చితంగా పనిచేయడానికి ఈ నేలలే కొంత కారణమని నా అభిప్రాయం.

ఈ సందర్భంలో కృష్ణా డెల్టావాళ్లకు మరో ఇల్లు గుర్తుకు రాక మానదు. సానియా పుట్టిన నాలుగున్నర నెలలకు, 1987 మార్చి 31న, గుడివాడలో కోనేరు హంపి పుట్టింది. తండ్రి కోనేరు అశోక్ కెమిస్ట్రీ అధ్యాపకుడి ఉద్యోగం మానుకుని కూతురికి చదరంగం నేర్పారు. 2002లో, పదిహేనేళ్ల వయసులో, ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. అకాడమీలూ ప్రభుత్వ పథకాలూ అంతంతమాత్రంగా ఉన్న కాలంలో ఇద్దరు తండ్రులు కూతుళ్ల ఆటను తమ పనిగా పెట్టుకున్నారు. తెలుగునాట ఆడపిల్లల క్రీడా చరిత్ర రాసేవాళ్లు ఆ రెండిళ్లనూ దాటిపోలేరు.

ఆమెకు ముందు

భారత మహిళల టెన్నిస్ సానియాతో మొదలు కాలేదు. 1934లోనే లీలా రావ్ వింబుల్డన్‌లో మ్యాచ్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయురాలైంది. 1952లో రీటా దావర్ వింబుల్డన్ బాలికల ఫైనల్ దాకా వెళ్లింది. నిరుపమా మన్కడ్ 1971లో ఆనంద్ అమృతరాజ్‌తో కలిసి వింబుల్డన్ మిక్స్‌డ్ డబుల్స్ ఆడింది. కోయంబత్తూరు అమ్మాయి నిరుపమా వైద్యనాథన్ 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో తొలి రౌండ్ దాటింది. వీళ్లలో ప్రతి ఒక్కరూ తలుపు కొంత తెరిచారు. ఆ తలుపులో నుంచి సానియా వచ్చిన వేగం మాత్రం వేరు.

2003 నుంచి 2005 దాకా

2002 బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచేటప్పటికి ఆమెకు పదహారేళ్లు కూడా నిండలేదు. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో జతకట్టి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. అదే ఏడాది హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు సాధించింది. 2004లో హైదరాబాద్ ఓపెన్‌లో లీజెల్ హ్యూబర్‌తో డబుల్స్ టైటిల్ గెలిచింది. డబ్ల్యూటీఏ స్థాయిలో అది మొదటిది.

2005 జనవరిలో వైల్డ్‌కార్డ్‌తో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అడుగుపెట్టి మూడో రౌండ్ చేరింది. అక్కడ సెరెనా విలియమ్స్ ఎదురైంది. మొదటి సెట్ 1-6తో పోయింది. రెండో సెట్‌లో 4-6 దాకా నిలబడింది. ఓడిన మ్యాచే అయినా దేశమంతా ఆమె పేరు తెలిసింది ఆ రోజే.

ఆ తర్వాత నెల తిరగకుండానే, ఫిబ్రవరి 12న, సొంత ఊరి ఫైనల్. ప్రత్యర్థి ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండారెంకో. తొలి సెట్ 6-4తో సానియాది. రెండో సెట్ చేతికి వచ్చినట్టే వచ్చి 5-7తో జారిపోయింది. స్టాండ్స్ నిండా జనం. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒత్తిడి దాచుకోలేకపోతోందని అందరికీ అర్థమైంది. మూడో సెట్‌లో ఆమె జాగ్రత్తపడి ఆడలేదు. సర్వీస్ తడబడుతున్నా ఫోర్‌హ్యాండ్‌ను మాత్రం తగ్గించకుండా కొట్టింది. 6-3తో మ్యాచ్ ముగిసింది. భారతీయురాలు డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలవడం అదే మొదలు. అప్పటికి రాష్ట్రం ఒక్కటే. విజయవాడలోనూ విశాఖలోనూ కర్నూలులోనూ పొద్దున పేపరు తెరిస్తే మన అమ్మాయి అన్నమాటే.

మార్చిలో దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాను 6-4, 6-2తో ఓడించింది. మ్యాచ్ నడుమ చీలమండ మెలిక పడింది. కట్టు కట్టించుకుని వచ్చాక బంతి కోసం పరిగెత్తే ఓపిక లేదు కాబట్టి, రెండు మూడు షాట్లకే పాయింట్ తేల్చేయాలని ఆడింది. ఆమె ఆట అసలు స్వరూపం బయటపడిన రోజుల్లో అది ఒకటి. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్‌లో మరియన్ బార్తోలీని దాటి నాలుగో రౌండ్ చేరి, మరియా షరపోవా చేతిలో ఓడింది. సింగిల్స్‌లో గ్రాండ్‌స్లామ్ టోర్నీల్లో ఆమె చేరిన అత్యున్నత దశ అదే. ఆ ఏడాది డబ్ల్యూటీఏ ఉత్తమ కొత్త క్రీడాకారిణి పురస్కారం దక్కింది. 2006లో పద్మశ్రీ వచ్చింది.

2006లో సియోల్‌లో మార్టినా హింగిస్‌ను ఓడించింది. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27కి చేరింది. ఇంతవరకు మరే భారతీయురాలూ ఆ అంకె దగ్గరికి రాలేదు.

సొగసు, దుస్తులు, జనం కళ్లు

మహిళల టెన్నిస్‌లో సొగసు గురించి మాట్లాడితే చర్చ సుజాన్ లెంగ్లెన్ దగ్గరికి వెళ్లక తప్పదు. 1899లో పారిస్‌లో పుట్టిన ఈ ఫ్రెంచ్ క్రీడాకారిణికి తండ్రి చార్లెస్సే గురువు. కోర్టులో చేతిరుమాలు పరిచి దాని మీద బంతి పడేలా కొట్టించేవాడని చెబుతారు. 1919లో వింబుల్డన్ ఫైనల్లో తనకన్నా ఇరవయ్యేళ్లు పెద్దదైన డొరొతియా లాంబర్ట్ చాంబర్స్‌ను 10-8, 4-6, 9-7తో ఓడించింది. రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచిన మ్యాచ్ అది. అక్కడి నుంచి 1926 దాకా సింగిల్స్‌లో ఆమె ఓడింది ఒక్కసారే. వింబుల్డన్ సింగిల్స్ ఆరుసార్లు గెలిచింది. బాలే నాట్యకారిణిలా గాల్లోకి లేచి బంతిని అందుకునేది. పిక్కల దాకా మాత్రమే ఉన్న గౌను, పొట్టి చేతులు, తలకు పట్టీ ఆ రోజుల్లో పెద్ద సంచలనం. కార్సెట్లు, పొడుగు చేతుల జాకెట్లు, నేలను ఊడ్చే గౌన్లు వేసుకుని ఆడే కాలం అది. ఇప్పుడు ఫ్రెంచ్ ఓపెన్ మహిళల సింగిల్స్ ట్రోఫీకి ఆమె పేరే ఉంది.

లెంగ్లెన్ అందం పాదాల్లో ఉంది, సానియా అందం చేతిలో ఉంది. ఆట పరంగా ఇద్దరికీ పోలిక అంతకు మించి లాగితే తెగిపోతుంది. లెంగ్లెన్‌లా సానియా సింగిల్స్‌ను ఏలలేదు. జనం చూపు విషయంలో మాత్రం ఎనభై ఏళ్ల ఎడం ఉన్నా ఇద్దరిదీ ఒకటే అనుభవం. 2005లో సానియా స్కర్టు పొడవు మీద కొందరు మతపెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆ సెప్టెంబరులో కోల్‌కతా టోర్నీకి పోలీసు బందోబస్తు మధ్య వెళ్లాల్సి వచ్చింది. ముక్కుపుడక, కళ్లజోడు, టీషర్టు మీది రాతలు, ప్రతిదీ వార్తే. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆడిన ఆట కన్నా వేసుకున్న బట్టల మీద ఎక్కువ అక్షరాలు ఖర్చయిన ఏడాది అది. ఆమె బట్టలు మార్చలేదు, టోర్నీలు మానలేదు. ఆడపిల్లను మైదానానికి పంపాలా వద్దా అని తటపటాయించే ఇళ్లలో ఆ పట్టుదల ఎంత పనిచేసిందో కొలవడానికి ర్యాంకుల పట్టిక చాలదు.

మణికట్టు మొరాయించడం

చదును ఫోర్‌హ్యాండ్‌ను వేల సార్లు అదే విసురుతో కొట్టిన మణికట్టు 2008లో తిరగబడింది. ఆ ఏడాది శస్త్రచికిత్స జరిగింది. నెలల తరబడి టోర్నీలు పోయాయి. బీజింగ్ ఒలింపిక్స్ తొలి రౌండ్‌లో ఇవెటా బెనెసోవాతో ఆడుతూ నొప్పి తాళలేక మధ్యలోనే వైదొలిగింది. అంతకుముందూ తర్వాతా మోకాళ్ల బాధ తోడైంది. రాకెట్ పట్టడం సంగతి అటుంచి తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి సహకరించని రోజులు ఉండేవని ఆమె తర్వాత చెప్పుకుంది.

ఆ దశలోనే 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌ను మహేశ్ భూపతితో కలిసి గెలిచింది. ఫైనల్లో నతాలీ డెషీ, ఆండీ రామ్ జంటపై 6-3, 6-1తో గెలుపు. భారతీయురాలి చేతికి వచ్చిన తొలి గ్రాండ్‌స్లామ్ అదే. 2010లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌తో హైదరాబాద్‌లో పెళ్లి జరిగింది. అదే ఏడాది ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ రజతం గెలిచింది. 2011లో ఎలెనా వెస్నినాతో ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ ఆడి ఓడింది. 2012లో అదే వేదిక మీద భూపతితో మిక్స్‌డ్ టైటిల్ అందుకుంది.

2013లో సింగిల్స్‌కు సెలవు చెప్పింది. దేశంలో ఎదురులేని సింగిల్స్ క్రీడాకారిణి తనంతట తాను పక్కకు తప్పుకోవడం తేలికైన నిర్ణయం కాదు. ఒంటి లెక్క అదే చెప్పింది. సగం కోర్టు కాచుకుంటే చాలు, మణికట్టు ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది.

సగం కోర్టులో పూర్తి ఆట

డబుల్స్‌లో సర్వీస్‌ను తిప్పికొట్టడమే సగం ఆట. వల దగ్గర ప్రత్యర్థి జంటలో ఒకరు కాచుకుని ఉంటారు. తిరిగొచ్చే బంతి కాస్త ఎత్తుగా వచ్చినా, మెల్లగా వచ్చినా మధ్యలోనే కొట్టేస్తారు. అక్కడ సానియా చదును ఫోర్‌హ్యాండ్‌కు అసలైన విలువ వచ్చింది. రాకెట్‌ను తక్కువ దూరం తిప్పేది కాబట్టి వేగమైన సర్వీస్‌ను కూడా ముందుకు వచ్చి అందుకోగలిగేది. బంతి సర్వీస్ చేసినవాళ్ల కాళ్ల దగ్గరికి అడ్డంగా వెళ్తుందా, వల దగ్గరి మనిషి పక్క నుంచి నేరుగా దూసుకుపోతుందా అన్నది చివరిదాకా తెలిసేది కాదు. తెలియక వల దగ్గరి మనిషి అర క్షణం ఆగిపోతే అంతే, పాయింట్ పోయినట్టే.

2014లో కారా బ్లాక్‌తో కలిసి సింగపూర్‌లో ఏడాది చివరి డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది. సెప్టెంబరులో బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ వచ్చింది. 2015 మార్చిలో ఒకప్పటి ప్రత్యర్థి మార్టినా హింగిస్‌తో జతకట్టాక చరిత్ర మారింది. సానియా ఫోర్‌హ్యాండ్ వైపు నిలబడేది, హింగిస్ బ్యాక్‌హ్యాండ్ వైపు. సానియా వెనక నుంచి బలంగా కొట్టి ప్రత్యర్థుల కుదురు చెడగొడితే, హింగిస్ వల దగ్గర మిగతా పని చూసుకునేది. బంతి ఎక్కడికి రాబోతోందో హింగిస్‌కు ఒక క్షణం ముందే తెలిసిపోతుందా అనిపించేది. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్స్‌టన్ వరసగా గెలిచి, 2015 ఏప్రిల్ 13న సానియా ప్రపంచ నంబర్‌వన్ అయింది.

ఆ జూలై 11న వింబుల్డన్ ఫైనల్. అవతల రష్యా జంట వెస్నినా, మకరోవా. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టై బ్రేకర్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే అంతా ముగిసేది. అక్కడి నుంచి ఒక్కో గేమ్ లాక్కొచ్చి 5-5 చేశారు. చీకటి పడుతుండటంతో ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు. మళ్లీ దీపాల వెలుగులో మొదలయ్యాక వరసగా రెండు గేములు గెలిచి 7-5తో ముగించారు. ఇన్నేళ్ల వింబుల్డన్ చరిత్రలో మహిళల విభాగంలో భారతీయురాలి పేరు విజేతల పట్టికలోకి ఎక్కింది ఆ సాయంత్రమే.

ఆ తర్వాత యూఎస్ ఓపెన్ గెలిచారు. 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా గెలిచారు. ఓటమి లేకుండా 41 మ్యాచ్‌లు ఆడాక ఫిబ్రవరిలో దోహాలో ఆ పరుగు ఆగింది. ఇద్దరూ కలిసి 14 టైటిళ్లు గెలిచి, 2016 ఆగస్టులో విడిపోయారు. సానియా మొత్తం 91 వారాలు నంబర్‌వన్‌గా ఉంది. మహిళల డబుల్స్‌లో 43 డబ్ల్యూటీఏ టైటిళ్లు ఆమెవి. 2015లో ఖేల్‌రత్న, 2016లో పద్మభూషణ్ వచ్చాయి.

దక్కనిది ఒలింపిక్ పతకం. 2016 రియోలో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ సెమీఫైనల్లో మొదటి సెట్ 6-2తో గెలిచాక, వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ జంట చేతిలో ఓటమి. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్ కూడా పోయింది. ఆమెను అభిమానించినవాళ్లందరికీ ఆ రెండు రోజుల బాధ ఇంకా పచ్చిగానే ఉంది.

ఉయ్యూరు కుర్రాడితో స్వర్ణం

ఆసియా క్రీడల్లో సానియా ఎనిమిది పతకాలు గెలిచింది. వాటిలో రెండింటిలో భాగస్వాములు తెలుగు కుర్రాళ్లు. 2010 గ్వాంగ్‌జౌలో విష్ణువర్ధన్‌తో మిక్స్‌డ్ డబుల్స్ రజతం. 2014 ఇంచియాన్‌లో సాకేత్ మైనేనితో స్వర్ణం.

సాకేత్ 1987 అక్టోబరులో ఉయ్యూరులో పుట్టాడు. విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో, చక్కెర ఫ్యాక్టరీకి పేరుపడిన ఊరు అది. పెరిగింది, ఆట నేర్చింది విశాఖపట్నంలో. తర్వాత అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి ఆడాడు. ఆరడుగులు దాటిన పొడగరి, సర్వీస్ అతని బలం. సానియాకు లేనిది సరిగ్గా అదే. ర్యాంకు పాయింట్లు పోతాయని సానియా మొదట ఇంచియాన్ వెళ్లకూడదనుకుని, తర్వాత మనసు మార్చుకుంది. ఫైనల్లో చైనీస్ తైపీ జంట పెంగ్ సియెన్ యిన్, చాన్ హావో చింగ్‌పై 6-4, 6-3తో గెలుపు. అదే క్రీడల్లో సాకేత్ పురుషుల డబుల్స్‌లో సనమ్ సింగ్‌తో రజతం కూడా గెలిచాడు. 2016లో క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ ప్రధాన డ్రాలో ఆడాడు. 2017లో అర్జున అందుకున్నాడు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్‌తో మరో రజతం సాధించాడు.

ఇంచియాన్ స్వర్ణానికి నాలుగు నెలల ముందే రాష్ట్రం రెండైంది. సానియాను తెలంగాణ ప్రభుత్వం ప్రచారకర్తగా నియమించింది. ఆమె స్థానికత మీద కొందరు ప్రశ్నలు లేవనెత్తితే, తమ కుటుంబం తరతరాలుగా హైదరాబాద్‌దేనని ఆమె గట్టిగా బదులిచ్చింది. అలాంటి వేళ హైదరాబాద్ అమ్మాయి, కృష్ణా జిల్లాలో పుట్టిన అబ్బాయి ఒకే జెండా కింద నిలబడి స్వర్ణం గెలవడం రెండు రాష్ట్రాల్లోనూ తెలుగువాళ్లకు సంతోషం కలిగించింది. ఈ పతకానికి మన పుస్తకాల్లో ఇంకా ఎక్కువ చోటు ఉండాలి.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో టెన్నిస్ చాలాకాలం ఆఫీసర్స్ క్లబ్బుల ఆటగానే ఉండిపోయింది. ఊళ్లలో పిల్లలు ఆడేది కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్. రాకెట్, బూట్లు, బంతుల డబ్బాల ఖర్చు ఒక కారణమైతే, క్లబ్ సభ్యత్వం లేనివాళ్లకు కోర్టు దొరక్కపోవడం ఇంకో కారణం. సాకేత్ లాంటి కుర్రాడు కూడా ఆట నేర్చింది డెల్టా బయటే. సానియా గెలుపుల తర్వాత పట్టణాల్లో వేసవి శిక్షణ శిబిరాలకు అమ్మాయిలు రావడం కనిపించింది. ఏడాది పొడవునా ఆడించే కోర్టులు మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

చివరి ఏళ్లు, ఆ తర్వాత

2018 అక్టోబరులో కొడుకు ఇజాన్ పుట్టాడు. రెండేళ్లకు పైగా విరామం తర్వాత, 2020 జనవరిలో తిరిగి వచ్చిన తొలి టోర్నీలోనే, హోబర్ట్‌లో నదియా కిచెనోక్‌తో డబుల్స్ టైటిల్ గెలిచింది. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్లింది. ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి మ్యాచ్ ఆడింది. మార్చి 5న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో అభిమానుల ముందు వీడ్కోలు ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది. 2005లో టైటిల్ గెలిచింది కూడా ఆ ఆవరణలోనే.

నగర శివార్లలో మొయినాబాద్ దగ్గర 2013లో మొదలుపెట్టిన ఆమె అకాడమీలో పిల్లలు ఆడుతున్నారు. ఆత్మకథ 2016లో ఇంగ్లిష్‌లో వచ్చింది.

తర్వాతి తరంలో తెలుగు పేర్లు గట్టిగానే వినిపిస్తున్నాయి. సహజ యమలపల్లి 2024లో మెక్సికో టోర్నీలో మాజీ యూఎస్ ఓపెన్ చాంపియన్ స్లోన్ స్టీఫెన్స్‌ను ఓడించింది. హైదరాబాద్ అమ్మాయి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో తను ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచి భారత్‌ను ప్లేఆఫ్స్‌కు చేర్చింది. ఆమె పొడగరి, బలమైన సర్వీస్‌తో పాయింట్ మొదలుపెడుతుంది, మణికట్టు మీద అంతగా ఆధారపడదు.